కింది గడి నుంచి పైకి

మంచం ఇంకా ఇంటికి రానే లేదు, దాన్ని ఎక్కడ వేయాలనే వాదన మాత్రం మూడు రోజులుగా నడుస్తోంది.

"ఆ బొమ్మల పెట్టె తీసేస్తే సగం మంచం పడుతుంది," అంది సువర్ణ, మగ్గం గుంటలోంచి కాళ్ళు పైకి తీయకుండానే.

"సగం మంచం మింద అవ్వ ఎట్ల పండుకుంటాది? ముడుచుకోనా?" అంది కూతురు ఆశ్రిత.

నడిమి గదిలో గోడవార కుర్చీలో కూచున్న అత్త నాగలక్ష్మమ్మ ఆ మాటకు నవ్వింది. "నన్ను మిద్దె మీదికెక్కించండి. బొమ్మలకు గది, నాకు ఆకాశం," అంది.

మంచం ఆమె కోసమే. ఆమె మోకాళ్ళు చూసిన డాక్టరు ఇక నేల మీద పడుకోవద్దనీ, నేల మీంచి లేవద్దనీ గట్టిగా చెప్పి పంపాడు. ధర్మవరంలో చాలా నేతగాళ్ళ ఇళ్ళ లాగే వాళ్ళదీ రైలు డబ్బాల మాదిరి మూడు గదుల ఇల్లు. ముందుగదిని మగ్గం మింగేసింది. వెనకగదిని పొయ్యీ నీళ్ళ డ్రమ్ములూ పంచుకున్నాయి. మిగిలింది నడిమి గది. అందులో గోడ వెంబడి మూడు వస్తువులున్నాయి: సువర్ణ భర్త జయరాముడి ఇనప్పెట్టె, ఆశ్రిత బొమ్మల పెట్టె, సువర్ణ పుట్టింటి నుంచి వచ్చిన డ్రెస్సింగ్ టేబులు. వాదన మొదటి రెండింటి గురించే. మూడోదాని పేరు ఎవరూ ఎత్తలేదు.

జయరాముడు మామూలుగా ఏ వాదనలోకీ దిగే మనిషి కాదు. ఆ పొద్దు మాత్రం టీ గ్లాసు కింద పెట్టి, "నా పెట్టె తీసేయండి. అందులో ఏముంది, పాత కాగితాలే గదా," అన్నాడు.

అంత తేలిగ్గా అన్నందుకే సువర్ణ ఒప్పుకోలేకపోయింది. ఆ పెట్టెలో ఉన్నవి పాతికేళ్ళ గ్రాఫు కాగితాలు. పట్టుచీర అంచులో నెమలి మెడ తిప్పాలన్నా, కొంగులో మామిడిపిందె వంగాలన్నా ముందు ఒకరు చిన్నచిన్న గడుల కాగితం మీద ఒక్కో గడీ రంగు నింపి గీయాలి. ఆ గడులను చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం నెత్తిన తిరిగితే కింద చీరలో పువ్వు లేస్తుంది. జయరాముడు గ్రాఫు గీసిన అంచు అంటే ఒకప్పుడు షావుకార్లు ఇంటి ముందు చెప్పులు విడిచి కూచునేవాళ్ళు. కంప్యూటరు డిజైన్లు వచ్చాక ఒక్కరొక్కరే రావడం మానేశారు. రెండేళ్ళయింది ఆయన ఆ పెట్టె మూత ఎత్తి. సువర్ణ నేస్తుంటే దారాలు అతుకుతాడు, కండెలు చుడతాడు, అడిగితే మాట్లాడతాడు. పెట్టె కూడా పోతే ఈ మనిషిలో ఏమి మిగులుతుందని ఆమె భయం. అందుకే కూతురి పెట్టె మీద పడింది. ఆ సంగతి పైకి చెప్పలేదు.

కూతురి పెట్టె కథ వేరు. గ్రాఫులు ఇవ్వడానికి జయరాముడు నెలకోసారి బెంగుళూరు పోయేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఫుట్‌పాత్ మీద పోసి అమ్మే పాత బొమ్మల్లోంచి ఒకటి ఏరి తెచ్చేవాడు. ఆడపిల్లకు ఏ బొమ్మ తేవాలో ఆయనకు తెలియదు. చేతికి బాగున్నది తెచ్చేవాడు. అట్లా ఆశ్రిత దగ్గర రెండు జాతులు చేరాయి. ఒకటి మడిస్తే లారీ, విప్పితే కత్తి పట్టిన మనిషి అయ్యే ఇనప వీరులు. రెండోది గౌన్లు తొడుక్కుని వేలెడంత ఇళ్ళలో కాపురముండే కుందేళ్ళు. వాటి ఇంగ్లీషు పేర్లు అవ్వకు నోరు తిరక్క, ఇంట్లో ఒకదాన్ని ఇనుపదండు అనీ, రెండోదాన్ని కుందేలుపాళ్యం అనీ పిలుచుకున్నారు. ఆశ్రిత ఆటలో ఇనప లారీ కుందేళ్ళను మడకశిర సంతకు తీసుకుపోయేది. వేరేగా ఆడాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు.

ఇప్పుడామె డిగ్రీ మూడో ఏడు. ఆ బొమ్మల మీద వచ్చే కామిక్కులు చదువుతుంది. వాటిని ఇష్టపడే తెలుగు పిల్లలంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. ఆ గ్రూపులో నెల కిందట పెద్ద వార్త వచ్చింది: ఇనుపదండూ కుందేలుపాళ్యమూ ఒకే కథలో కలుస్తున్నాయట, నాలుగు భాగాల పుస్తకమట. ట్యూషన్లు చెప్పి దాచుకున్న దుడ్లతో ఆశ్రిత మొదటి భాగం తెప్పించుకుంది. మంచం వాదన మొదలైన రోజే అది పోస్టులో వచ్చింది. ఇరవై నాలుగు పేజీల నున్నటి పుస్తకం. ఆ సాయంత్రం ఆ పిల్ల ముఖం చూసి సువర్ణ చాలా కాలం తర్వాత మనసులోనే దిష్టి తీసింది.

ఆశ్రిత గ్రూపులో పొడుగ్గా రాసింది. మా నాయన కలిపి తెచ్చిన బొమ్మలతో నేను చాప మీద ఆడుకున్న ఆటే ఇది, దాన్ని ఎవరో దూరదేశంలో కూచుని పుస్తకం చేశారు, వాళ్ళకు రుణపడి ఉంటాను అని.

దాని మీద వచ్చి పడ్డాయి మాటలు. సగం మందికి ఈ కలయికే నచ్చలేదు. యుద్ధం చేసే దండు మధ్యలో గౌన్ల కుందేళ్ళేమిటని ఒకరు, రెండు బొమ్మల కంపెనీలు కలిసి అమ్ముకోవడానికి వేసిన ఎత్తని ఇంకొకరు. ప్రతి పేజీ అడుగునా చుక్కలచుక్కల పట్టీ ఒకటి అచ్చేసి జాగా దండగ చేశారని మరొకరు. గ్రూపు నడిపేవాడు ఓబిలేష్, సోమందేపల్లె పిల్లవాడు, ఇనుపదండంటే ప్రాణం. వాడు నేరుగా ఆశ్రితకే రాశాడు: "ఫుట్‌పాత్ బొమ్మలతో ఆడుకున్నోళ్ళకు ఏదైనా బాగానే ఉంటాది లే అక్కా."

దాని కింద నవ్వే బొమ్మలు ముప్పై దాకా పడ్డాయి.

మరునాడు ఆశ్రిత కాలేజీకి పోయే ముందు పుస్తకాన్ని తండ్రి పెట్టె మీద పడేసి, తల్లి ముఖం చూడకుండా, "నా పెట్టె ఇచ్చేయ్ మా. పాత సామాన్లాయప్ప వస్తే వేసేయ్," అంది. చెప్పులేసుకుని పోయింది.

సువర్ణ మగ్గం ఆపింది. మూడు రోజులు వాదించి అడిగింది దొరికింది. ఒకటి అడిగితే రెండు పెట్టెలూ దొరికాయి. మంచానికి బ్రహ్మాండంగా చోటు. ఆమెకు మాత్రం ఇల్లు ఖాళీ అయిపోయినట్టుంది.

జయరాముడు కూతురి పెట్టెను గడప దగ్గర పెట్టి వచ్చి, తన పెట్టెను వాకిట్లోకి జరపడానికి వంగాడు. పైనున్న పుస్తకాన్ని తీసి పక్కన పెట్టబోయి, తెరిచాడు. నిలబడే ఒక పేజీ చూశాడు. తర్వాత కూచున్నాడు. సువర్ణ ఓరకంట గమనిస్తూ ఉంది. ఆయన వేలు పేజీ అడుగున మొదలై, మెల్లగా పైకి పోతోంది. పేజీ తిప్పి మళ్ళీ అడుగు నుంచే పట్టుకున్నాడు.

"ఒరే రాముడా, పుస్తకం యాడైనా కిందనుంచి చదువుతారా?" అంది నాగలక్ష్మమ్మ.

జయరాముడు తలెత్తి సిగ్గుపడ్డాడు. పాతికేళ్ళ అలవాటు అది. గ్రాఫు ఎప్పుడూ కింది గడి నుంచే చదవాలి, చీర కింద నుంచి పైకే లేస్తుంది కాబట్టి. గడులు కనిపిస్తే చాలు, ఆయన కన్ను అడుగుకే పోతుంది. కథ తలకిందులైనా ఆయనకు పట్టింపు లేదు. ఆయన చూస్తున్నది కథ కాదు.

"ఇది చుక్కల పట్టీ కాదు సువర్ణా," అన్నాడు. "గడులు. ఎవరో లెక్క పెట్టి నింపినారు."

ఆయనంతట ఆయన పిలిచి ఒక మాట చెప్పి ఎన్నాళ్ళయిందో. ఆమె కాళ్ళు పైకి తీసుకుని వచ్చి పక్కన కూచుంది. ప్రతి పేజీ అడుగునా ఎనిమిది వరసల గడులు, కొన్ని నిండుగా, కొన్ని ఖాళీగా. ఒక్కో పేజీ చూస్తే అర్థం లేని మచ్చలు. ఆయన మాత్రం మొదటి పేజీ పట్టీని అడుగున పెట్టి, రెండో పేజీది దాని నెత్తిన, మూడోది దాని నెత్తిన పేర్చాలంటాడు. గ్రూపులో ఒకరిద్దరు ఇవి పేర్చి చూశారనీ, చదివే వరసలోనే పైనుంచి కిందికి పేర్చడంతో ఏమీ తేలలేదనీ తర్వాత తెలిసింది.

పేర్చడానికి గడుల కాగితం కావాలి. అది పెట్టెలోనే ఉంది.

తాళం తుప్పు పట్టింది. సువర్ణ లేచి కొబ్బరినూనె తెచ్చింది. మూత లేవగానే పాత కాగితమూ రంగుపెన్సిళ్ళూ కలిసిన వాసన గదంతా వచ్చింది. ఎప్పుడో మామూలు రోజుల్లో ఇల్లంతా ఉండే వాసన అది. ఆమె పోయి మగ్గంలో కూచుంది, నేసింది తక్కువ, విన్నది ఎక్కువ. పెన్సిలు గీరుకుంటున్న చప్పుడు.

రెండు రోజులు పట్టింది. ఆదివారం పొద్దున జయరాముడు చివరి గడి నింపి, కాగితాన్ని చాప మీద పరిచి కూతుర్ని పిలిచాడు.

కింద ఒక పసిపిల్ల అరచేయి. అరచేతిలో నిలబడ్డ ఇనప వీరుడు. వాడి భుజం మీద, చెవులు వెనక్కి వాల్చి కూచున్న కుందేలు.

ఆశ్రిత దాని మీదికి వంగింది. వేలితో ముట్టుకోబోయి ఆపుకుంది. "నాయనా, ఇది ముందే గీసి పెట్టినారా వాళ్ళు? పుస్తకమంతా?"

"గీసినోళ్ళకు మగ్గం తెలుసు పాపా. లేదంటే ఇట్ల పేర్చరు. నేను చదివినానంతే."

నాగలక్ష్మమ్మ మెడ చాచి చూసి, ఆ చెయ్యి మన పాపది మాదిరే ఉండాదే అంది.

ఆశ్రిత ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. ఏమీ గొప్పగా రాయలేదు. మా నాయన గ్రాఫు గీస్తాడు, పట్టీలు కింద నుంచి పైకి చదివితే ఇది వచ్చింది అని మాత్రం రాసింది. అందరూ ముందు పుస్తకాలు తెరిచి గడులు లెక్క పెట్టుకున్నారు కాబోలు. కాసేపటికి ఫోను మోత మొదలైంది.

ఆశ్రిత ఒక్కొక్కటీ చదివి వినిపించింది. కరీంనగర్ అబ్బాయి తన దండుకూ, చెల్లెలి కుందేళ్ళకూ చిన్నప్పుడు పెళ్ళిళ్ళు చేశామనీ, ఎవరికీ చెప్పుకోలేదనీ రాశాడు. బళ్ళారి అమ్మాయి ఒకే పెట్టెలో కలిసి పడున్న తన బొమ్మల ఫోటో పెట్టింది. ఎవరో ఆ గ్రాఫును పెద్ద ఇంగ్లీషు గ్రూపులోకి చేరిస్తే, ఏ దేశం వాళ్ళో తెలియని మనుషులు ఆ కాగితమేమిటి, చీరలో పువ్వు ఎట్లా లెక్కపెడతారు అని అడిగారు. తిట్టేవాళ్ళు ఇంకా తిడుతూనే ఉన్నారు, ముగ్గురు నలుగురు. వాళ్ళ మాటలు కూడా దాచకుండా చదివింది. ఇప్పుడవి ఆమెకు గుచ్చుకుంటున్నట్టు లేదు.

ఓబిలేష్ నుంచి ముందు ఒక ఫోటో వచ్చింది. కిటికీ మీద రంగు వెలిసిన ఇనప లారీ, దాని పక్కన ఒక చెవి తెగిన కుందేలు. కింద రాశాడు: "కుందేలు మా అక్కది. చిన్నప్పుడు దాచిపెట్టుకున్నా. మొన్న నేనన్న మాట తప్పు అక్కా. మీ నాయనకు థాంక్స్ చెప్పు. రెండో భాగం వచ్చినాక ఆయన చూసేదాకా గ్రూపులో ఎవ్వరం నోరెత్తం."

జయరాముడు కండె చుడుతున్న చెయ్యి ఆపాడు.

"రెండోది ఎప్పుడొస్తాది?" అన్నాడు.

"వచ్చే నెల, నాయనా."

"అయితే గడుల కాగితం ఇంకొంచెం తెచ్చుకోవల్ల."

ఇంతే అన్నాడు. పొయ్యి దగ్గర రాగిముద్ద కెలుకుతున్న సువర్ణ చేతిలో తెడ్డు ఒక్క క్షణం నిలిచిపోయింది. రెండేళ్ళలో ఈ మనిషి వచ్చే నెల అనేదాన్ని గురించి అడగడం ఆమె వినలేదు. ఎవరికి మొక్కాలో తెలియలేదు. ఊరూ పేరూ తెలియని పుస్తకం గీసినవాళ్ళకా, తప్పు ఒప్పుకున్న సోమందేపల్లె పిల్లవాడికా, ఫుట్‌పాత్ మీద బొమ్మలు పోసి అమ్మినవాడికా. అందరికీ కలిపి మనసులోనే ఒక దండం పెట్టుకుంది.

ముద్ద చల్లారేలోపు నడిమి గదిలోకి పోయి నిలబడింది. డ్రెస్సింగ్ టేబులు అద్దంలో ఆమె ముఖం కనిపించింది. పెళ్ళైన ఇరవై మూడేళ్ళలో ఆ అద్దం ముందు ఆమె తీరిగ్గా కూచున్నది ఎన్నిసార్లో వేళ్ళ మీద చెప్పొచ్చు. సొరుగుల్లో ఇప్పుడు అత్తగారి మాత్రలూ, కరెంటు బిల్లులూ, తెగిన జరీ పోగులూ ఉన్నాయి. అయినా పుట్టింటి నుంచి వచ్చిన వస్తువు. మూడు రోజులూ అందరూ దాని జోలికి రాకుండా ఎంత జాగ్రత్తగా మాట్లాడారో అప్పుడే ఆమెకు తట్టింది. అది ఉన్న జాగాను టేపు లేకుండా జానతో కొలిచింది. మంచానికి సరిగ్గా సరిపోతుంది. చెల్లెలు ప్రసూనకు ఫోను చేసి రెండు నిమిషాలు మాట్లాడింది.

మధ్యాహ్నం నలుగురూ కూచున్నారు. నాగలక్ష్మమ్మకు కుర్చీ, మిగతావాళ్ళకు చాప. ముద్దలూ, నూరిన వేరుశనగ ఊరుబిండీ. బొమ్మల పెట్టె ఇంకా గడప దగ్గరే, పాత సామాన్లాయప్ప కోసం పెట్టినచోటే ఉంది. జయరాముడి పెట్టె మూత తెరిచే ఉంది.

సువర్ణ అందరికీ వడ్డించి, తన పళ్ళెంలో ఊరుబిండి వేసుకుంటూ, ఎవరివైపూ చూడకుండా చెప్పింది.

"బేస్తవారం మంచం వస్తాది. డ్రెస్సింగ్ టేబులు ప్రసూనకు ఇచ్చేస్తాండా, శింగనమల నుంచి రేపు ఆటో పంపిస్తానంది. పాపా, తిన్నాక ఆ పెట్టె లోపల పెట్టు, మీ నాయన పెట్టె పక్కన."