డేరాలో ఆగిపోయిన సినిమా

కోమల నల్లగొండలో ఎమ్మే తెలుగు చదువుతోంది. తొలినాటి సినిమాల్లో, పద్యాల్లో తిరుగుబాటు గురించి ప్రాజెక్టు రాయాలి. సెలవులకు కొత్తకోట వచ్చి ఇంటి ముందు కూర్చుని ఫోన్లో ఒక పాత నలుపు తెలుపు సినిమా చూస్తుంటే, పక్కనే చింతపండు గింజలు తీస్తున్న అవ్వ ఎస్తేరు చెయ్యి ఆపింది.

“గీ సినిమ నేను చూసిన బిడ్డా. కొల్లాపూర్ల డేరా ఏసి ఆడించిన్రు. మా నాయిన భుజాల మీద కూసోని చూసిన.”

చివరికొచ్చేసరికి, అంతదాకా జమీందారును ఎదిరించిన రైతుకొడుకు ఆయన కాళ్ల మీద పడ్డాడు. జమీందారు కళ్లు తుడుచుకుని లేవనెత్తాడు. సినిమా అయిపోయింది.

“ఇది గాదు,” అంది అవ్వ. “గా పిలగాడు మొక్కడు. నిలబడి పాట పాడుతడు.”

“ఇంకో సినిమ కలిసిపోయిందేమో అవ్వా.”

“పాట గూడ యాదికున్నది.” ఎస్తేరు చిన్నగా రాగం తీసింది.

“నీళ్లు తోడినోడు దూపకు సావొద్దు
గింజ పండించినోడు గిన్నె పట్టొద్దు.”

కోమల సినిమా మళ్లీ మొదటి నుంచి చూసింది. ఆ పాట ఎక్కడా లేదు. పైగా అందులో కూలీలు కూడా పుస్తకాల భాషే మాట్లాడుతున్నారు. దాహాన్ని దూప అనే మనిషి ఒక్కడూ లేడు. మరి అవ్వ చెవిలోకి ఈ పాట ఎట్లా వచ్చింది? ఆ ప్రశ్న ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం ప్రార్థన కాగానే అవ్వను వెంటబెట్టుకుని కొల్లాపూర్ బస్సెక్కింది.

అక్కడ అవ్వ పుట్టింటి వాళ్లు పాట వినగానే, “అది ఎల్లస్వామి పాట గదా,” అన్నారు.

ఎనభై దాటిన ఎల్లస్వామి నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లెందుకు వచ్చారో విని చాలాసేపు నవ్వాడు.

“డేరా దొర జాగల ఏసిన్రు. మేమంత దొర పొలంల చేసేటోళ్లమే. సినిమల గా పిలగాడు జమీందారు ముంగట నిలబడి, మా కష్టం మాకియ్యి అన్నడు. గంతే, నాకు కూసోబుద్ధి గాలే. లేసి పాడిన. నాట్లకాడి రాగమే, మాటలు నేను కట్టిన. జనమంత గొంతు కలిపిన్రు. డేరాయన భయపడి మిషన్ బంద్ చేసిండు.”

“చీకట్ల ఎవరు పాడుతున్నరో కనబడకపాయె,” అంది ఎస్తేరు. “తెర మీది మనిషే అనుకున్న. గది నువ్వేనా అన్నా?”

“నేనే చెల్లె.”

“దొర ఊకున్నడా తాతా?” అడిగింది కోమల.

“తెల్లారి మనుషుల్ని పంపిండట. అప్పటికే నేను లారీ ఎక్కిన. నార్కట్‌పల్లి దిక్కు రాళ్లు కొట్టుకుంట కొన్నేండ్లు బతికిన. మా అమ్మ సావుకు గూడ రాలేకపోయిన.” ఆయన కోమల ఫోన్ వైపు చెయ్యి చాచాడు. “ఇంతకు గా పిలగాడు ఏమైండు? మేం సగంలనే లేసొస్తిమి.”

కోమలకు చూపించాలో వద్దో తోచలేదు. ఇంత పోగొట్టుకున్న మనిషికి ఆ ముగింపు ఎట్లా ఉంటుంది? కానీ ఆయన చెయ్యి చాచే ఉంచాడు. ఫోన్ ఇచ్చింది.

రైతుకొడుకు కాళ్ల మీద పడటం ఎల్లస్వామి కళ్లు చికిలించి చూశాడు. కోపం రాలేదు. “పాపం, మొక్కుమని గా పిలగానికి ఎవరు చెప్పిన్రో,” అన్నాడు.

ఎవరు చెప్పారు? కథ రాసినవాడా, డబ్బు పెట్టినవాడా, అనుమతి ఇచ్చే సర్కారా? ఇన్నిసార్లు చూసినా కోమలకు ఆ ప్రశ్నే రాలేదు. “తెలవది తాతా. దేవులాడాలె,” అంది.

“దేవులాడు. దొరికితే నాకు గూడ చెప్పు.” ఆయన ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టి, ఎస్తేరు కూర్చునేందుకు మంచం మీద జరిగాడు. “ఇప్పుడైతే మొదటికెల్లి పెట్టు. అప్పుడు మేం ఎన్క కూసున్నం, సగం మాటలు ఇనబడలే.”