అంచు లోపలి పేరు

మధ్యాహ్నం నమాజు ముగిసిన కాసేపటికి, గాజా దక్షిణ భాగంలో మున్జిర్ కుటుంబం తలదాచుకున్న ఇంటి మీద బాంబు పడింది. ఇంట్లో నలుగురున్నారు. ఎవరూ బయటికి రాలేదు.

నేను అక్కడ లేను. రెండు వీధుల ఇవతల, మున్జిర్ అక్క విసాల్ ఉంటున్న గదిలో, కిటికీ పక్కన ఉన్నాను. నేను ఒక కుట్టు మిషన్‌ని. నడవలేను కనుక కళ్ళారా చూసింది తక్కువ. కానీ కుట్టు మిషన్ దగ్గర కూర్చున్నవాళ్ళు మాట్లాడకుండా ఉండలేరు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెబుతాను.

నన్ను స్కాట్లండ్‌లో ఒక ఫ్యాక్టరీలో పోత పోశారు. ఓడెక్కి పాలస్తీనాలోని యాఫా రేవులో దిగాను. ఆ ఊళ్ళో ఫాయిజా అనే అమ్మాయి తన పెళ్ళికి వరుడిచ్చిన మెహర్ సొమ్ముతో నన్ను కొనుక్కుంది. గాజులు కొనుక్కోమని అత్తగారు చెప్పిందట. "గాజులు అన్నం పెడతాయా?" అందట ఫాయిజా. ఆ మాటను ఆ ఇంట్లో మూడు తరాలు చెప్పుకుని నవ్వుకున్నాయి.

1948 యుద్ధంలో వాళ్ళు ఊరు వదలాల్సి వచ్చింది. పడవెక్కారు. అప్పట్లో నేను రెండు ముక్కలు: పైన తల, కింద కాలితో తొక్కే ఇనప స్టాండు. స్టాండు ఎక్కిస్తే పడవ మునుగుతుందని పడవవాడు ఒప్పుకోలేదు. ఫాయిజా తలను విప్పి ఒళ్ళో పెట్టుకుంది. పడవెక్కే ముందు ఇంట్లోకి తిరిగి వెళ్ళి, దుమ్ము పడకుండా స్టాండు మీద దుప్పటి కప్పి వచ్చింది. ఆ దుప్పటి తీసిందెవరో నాకు తెలియదు.

గాజా శిబిరంలో ఒక వడ్రంగి నారింజపళ్ళ పెట్టె చెక్కలతో నాకు బల్ల చేశాడు. చేత్తో తిప్పడానికి చక్రానికి పిడి బిగించాడు. మొదటి ఏళ్ళలో నేను కుట్టినవన్నీ పిల్లల లాగులే. బట్ట దొరికేది కాదు. సాయంగా వచ్చిన పిండి సంచులు మాత్రం ఉండేవి. వాటి మీద అచ్చేసిన అక్షరాలు ఎంత ఉతికినా పోయేవి కావు. శిబిరం పిల్లలు పిర్రల మీద 'అమ్మకానికి కాదు' అన్న ముద్రతో తిరిగారు.

మనుషుల హక్కుల మీద దేశాలన్నీ కలిసి ఒక ప్రకటన చేశాయని అప్పుడే ఎవరో వచ్చి శిబిరంలో చదివి వినిపించారు. ఫాయిజా నా చక్రం ఆపి, "అందులో బట్టల ఊసేమన్నా ఉందా?" అని అడిగింది. ఉందన్నాడాయన. బట్ట, తిండి, ఇల్లు, వైద్యం అన్నీ ఉన్నాయన్నాడు.

"ఎప్పుడు పంచుతారట?"

ఆయన నవ్వాడు. ఫాయిజా నవ్వలేదు. నిజంగానే అడిగింది.

ఫాయిజా మనవరాలు విసాల్ చేతికి వచ్చేసరికి నాకు మోటారు బిగించారు. కరెంటు ఉన్నప్పుడు కుట్టేదాన్ని, పోయినప్పుడు ఊరుకునేదాన్ని. బడి పిల్లల యూనిఫారాలు, పెళ్ళి గౌన్లు కుట్టాను. విసాల్ భర్త చేపలు పట్టేవాడు. ఇప్పటి యుద్ధానికి ముందే జబ్బుతో పోయాడు. ఆమెకు తొమ్మిదేళ్ళ కూతురు రనీమ్, ఐదేళ్ళ కొడుకు అద్‌హమ్. తమ్ముడు మున్జిర్‌కు, అతని భార్య రిహాబ్‌కు రనీమ్ ఈడు కూతురు సుజూద్, ఇంకా పాకుతున్న కొడుకు బరా.

యుద్ధం మొదలయ్యాక ఆకాశంలోంచి కాగితాలు పడ్డాయి. వాటి మీద ఒక పటం ఉంది. ఉన్నచోటు ఖాళీ చేసి పటంలో చూపించిన చోటికి వెళ్ళమని రాసి ఉంది. రెండు కుటుంబాలూ అక్కడికే వచ్చాయి. నన్ను మున్జిర్ వీపున మోసుకొచ్చాడు. ఒకే చోట అందరికీ జాగా దొరక్క, రెండు వీధుల ఎడంలో రెండు ఇళ్ళలో దిగారు. రెండు ఇళ్ళూ పటంలో చూపించిన భాగంలోనే ఉన్నాయి.

కరెంటు లేదు. మోటారు విప్పేసి పాత పిడి మళ్ళీ బిగించారు.

పక్కింట్లో హాజ్ జుహ్దీ అనే ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు బజార్లో ఫలాఫెల్ వడలు వేయించి అమ్మేవాడు. ఒకరోజు దిండు గలీబు పట్టుకొచ్చి, "జెండా కుట్టమ్మా" అన్నాడు.

"తెల్లజెండా పట్టుకున్నవాళ్ళ జోలికి పోకూడదని చట్టం ఉందట కదా హాజీ," అంది విసాల్.

"ఉందట. అందుకే చట్టానికి కనబడేంత పెద్దది కుట్టు. ఇదిగో, రెండో గలీబు కూడా తెచ్చాను."

రెండూ కలిపి కుట్టాను. ఆ వారమంతా దిండు గలీబులే కుట్టాను.

తరువాత మున్జిర్ వచ్చాడు. నా బల్ల మీద మోచేతులు ఆనించి, "పిల్లల్ని పంచుకుందాం అక్కా," అన్నాడు. అప్పటికే చాలా కుటుంబాలు ఆ పని చేస్తున్నాయి. తోబుట్టువులు పిల్లల్ని మార్చుకుని వేరువేరు కప్పుల కింద పడుకోబెడుతున్నారు. ఒక ఇల్లు పోయినా ప్రతి కుటుంబంలోనూ ఒకరైనా మిగలాలని.

"మేకపిల్లల్ని పంచినట్టు మాట్లాడుతున్నాడు చూడు వదినా, నీ తమ్ముడు," అంది రిహాబ్.

విసాల్ సూదిలో దారం ఎక్కిస్తూ, "నా కూతురు నీ దగ్గర ఉండదే. నీ పప్పులో నిమ్మకాయ ఎక్కువని వంక పెడుతుంది," అంది.

"ఇప్పుడు నిమ్మకాయలు ఎక్కడున్నాయి? వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదులే."

వదినా మరదళ్ళు ఇద్దరూ నవ్వారు. దారం ఎక్కడానికి చాలాసేపు పట్టింది. చివరికి విసాల్ సరేనంది.

రనీమ్ అటు వెళ్ళాలి, సుజూద్ ఇటు రావాలి. పిల్లలకు కారణం చెప్పలేదు.

"నేనేం తప్పు చేశానమ్మా?" అని అడిగింది రనీమ్.

"తప్పేం కాదు. అత్తకు బరాను ఎత్తుకునే మనిషి కావాలట."

"సుజూద్ ఉందిగా?"

విసాల్ నా చక్రం తిప్పింది. అప్పుడు నాలో బట్ట లేదు.

పిల్లలు శిథిలాల్లో దొరికితే ఎవరి పిల్లలో తెలియాలని జనం వాళ్ళ చేతుల మీద పెన్నుతో పేర్లు రాస్తున్నారు. చెమటకు సిరా చెదిరిపోతోందని విసాల్ మరో పద్ధతి పట్టింది. చొక్కా కింది అంచును తిరగేసి, లోపలివైపు పేరు కుట్టేది. నేను నేరుగా కుట్టడానికి పుట్టిన మిషన్‌ని. ఆమె కుడిచేత్తో చక్రాన్ని ఒక్కో కుట్టు చొప్పున తిప్పుతూ, ఎడంచేత్తో బట్టను మెలితిప్పేది. అరబ్బీ అక్షరాలు చాలామటుకు ఒకదాన్నొకటి పట్టుకుని నడుస్తాయి కనుక పని జరిగేది. అక్షరాల చుక్కలు మాత్రం చేత్తో వేసేది. వీధిలోని తల్లులందరూ చొక్కాలు తెచ్చారు. దారం అయిపోతే పాత స్వెటర్లు విప్పి నూలు తెచ్చారు. నేను ఇన్నేళ్ళలో అంచులు కుట్టింది బట్ట పోగులు ఊడకుండా ఉండటానికి.

ఇంట్లో ఒక కర్టెన్ మిగిలింది. దానితో విసాల్ రనీమ్‌కు, సుజూద్‌కు ఒకే కొలతతో రెండు చొక్కాలు కుట్టింది. అంచుల్లో పేర్లు కుట్టింది. మిగిలిన గుడ్డ ఒక్క జేబుకే వచ్చింది. రనీమ్ జేబు కావాలని ముందే అడిగింది కనుక దాని చొక్కాకే పడింది.

సుజూద్ ఆ జేబును రెండుసార్లు తడిమి చూసింది.

పిల్లలిద్దరూ రోజూ నీళ్ళ ట్యాంకరు దగ్గర కలుసుకునేవాళ్ళు. చలికాలం. చొక్కాల మీద స్వెటర్లు వేసుకునే వెళ్ళేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం బాంబు చప్పుడుకు నా బల్ల కదిలింది. విసాల్ లేచి పరుగెత్తింది. వీధి మొదట్లోనే ఆమెను ఆపేశారని విన్నాను. మళ్ళీ పడొచ్చు, పిల్లల దగ్గరికి పో అని వెనక్కి పంపారట. ఆమె వచ్చి నా ముందు కూర్చుంది. సాయంత్రం దాకా కూర్చుంది. లోపలి గదిలో సుజూద్ అద్‌హమ్‌ను ఆడిస్తోంది. ఏ ఇల్లు పడిందో దానికి చెప్పలేదు.

వెలుగు తగ్గుతుండగా హాజ్ జుహ్దీ వచ్చాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మున్జిర్ దొరికాడమ్మా. రిహాబ్ దొరికింది. చంటివాడు ఆమె కిందనే ఉన్నాడు. అల్లా వాళ్ళను కరుణించాలి."

"రనీమ్?" అంది విసాల్.

"రనీమ్ దొరకలేదు. ఇంకా తవ్వుతున్నారు. దొరకలేదంటే ఆశ ఉన్నట్టే." ఆయన మొహం మీది దుమ్ము తుడుచుకున్నాడు. "మున్జిర్ కూతురు దొరికింది. మొహం చూసి పోల్చుకునేలా లేదు. నువ్వు అంచులో కుట్టావు చూడు, ఆ పేరు చూసి చెప్పారు. సుజూద్."

విసాల్ తల ఎత్తింది. "సుజూద్ నా దగ్గర ఉంది హాజీ."

"అదేమిటి? ఇవాళ వాళ్ళింటికి వెళ్ళిందనుకున్నాను."

"లోపల ఉంది. పొద్దున నీళ్ళు తెచ్చినప్పటి నుంచీ ఇక్కడే ఉంది. ఎవరో తప్పు చదివారు. వెళ్ళి సరిగ్గా చదవమను."

"నేనే చదివానమ్మా."

విసాల్ లోపలివైపు చూసి పిలిచింది. సుజూద్ వచ్చి నా పక్కన నిలబడింది.

"స్వెటర్ పైకెత్తు."

సుజూద్ హాజీ వంక చూసి, అత్త వంక చూసి, స్వెటర్ ఎత్తింది. చొక్కాకు జేబు ఉంది.

"ఇవాళ జేబు నా వంతు అత్తా," అంది. "ఒకరోజు దానికి, ఒకరోజు నాకు. ట్యాంకరు వెనకాల మార్చుకుంటాం. చిరగలేదు, చూడు."

విసాల్ వంగి చొక్కా అంచును పట్టుకుంది. లోపలికి తిప్పింది. అది పాత స్వెటర్ విప్పిన నూలు. కుట్టింది నేను. రనీమ్ అని ఉంది.

ఆమె అంచును మళ్ళీ కిందికి మడిచి, స్వెటర్ దించి, చలి తగలకుండా నడుము దాకా సర్దింది. హాజీ వైపు తిరిగింది.

"ఇంక తవ్వొద్దని చెప్పు హాజీ," అంది. "అందరూ దొరికారు."

సుజూద్ జేబులోంచి సగం బిస్కట్ తీసింది. తమ్ముడికి ఇమ్మని రనీమ్ పంపిందంది. అద్‌హమ్ అక్కడే నిలబడి తినేశాడు. ముసలాయన మొహం చూసి సుజూద్, "మా అమ్మేది?" అని అడిగింది. విసాల్ దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. నా చక్రం పిడి ఆమె వీపుకు గుచ్చుకుంది. ఆమె జరగలేదు.

మరునాడు విసాల్ ఖననానికి వెళ్ళింది. గోరీ దగ్గర పాతిన చెక్క మీద అప్పటికే సుజూద్ పేరు రాసేశారట. దాన్ని గీకించి రనీమ్ అని రాయించింది. ఇది హాజీ చెప్పగా విన్నాను.

మున్జిర్ వేసిన లెక్క తప్పలేదు. ప్రతి కుటుంబంలోనూ ఒకరైనా మిగిలారు.

తల్లులు చొక్కాలు తేవడం మానలేదు. విసాల్ కుట్టడం మానలేదు. ప్రతి చొక్కా ఇచ్చేటప్పుడు బిడ్డను దగ్గరికి పిలిచి, "ఇది ఎవరికీ ఇవ్వకు. ఆటకు కూడా ఇవ్వకు," అనేది. అంతకుముందు ఆ మాట అనేది కాదు.

ఒక పగటిపూట ఆమె సుజూద్‌ను పిలిచి చొక్కా విప్పమంది. కత్తెర మొనతో అంచులోని కుట్లు విప్పబోయింది.

"తీయొద్దు అత్తా."

"మరి నిన్నెలా గుర్తుపడతారే?"

"దాని కింద నాది కుట్టు."

"రెండు పేర్లుంటే వాళ్ళకేం అర్థమవుతుంది?"

"నీకు అర్థమవుతుందిగా."

విసాల్ కత్తెర పక్కన పెట్టింది. రనీమ్ కింద సుజూద్ అని కుట్టాం. చుక్కలు ఆమె చేత్తో వేసింది. నేను కుట్టిన చివరి అంచు అది.

మళ్ళీ కాగితాలు పడ్డాయి. ఈసారి పటంలో మా వీధి లేదు. హాజ్ జుహ్దీ గాడిదబండి కుదిర్చాడు. మూడు కుటుంబాల సామాను అందులోకి ఎక్కించారు. బండివాడు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. విసాల్ అతనితో వాదించలేదు. నా సూది విప్పి తలగుడ్డకు గుచ్చుకుంది. దారం చుట్టిన బాబిన్ తీసి చేతిలో పట్టుకుంది. చుట్టూ చూసింది. ఉన్నది ఒకటే దుప్పటి. అది అద్‌హమ్ కప్పుకుని ఉన్నాడు. ఆమె నా మీద ఏమీ కప్పలేదు.

కిటికీకి అద్దాలు లేవు. వీధి కనిపిస్తుంది. హాజీ జెండా పట్టుకుని ముందు నడిచాడు. అద్‌హమ్ బండి మీద ఉన్నాడు. విసాల్, సుజూద్ వెనక నడిచారు. సుజూద్ ఆ రోజు చొక్కాను స్వెటర్ పైన వేసుకుంది. మలుపు దగ్గర ఒకసారి వెనక్కి తిరిగింది. జేబు కనిపించింది. తరువాత బండి మలుపు తిరిగింది.