రాసినవాళ్ళకే చెల్లే చట్టం

కింది కొట్టాయన పొద్దున్నే షట్టరెత్తి, మేడవైపు తలెత్తి కేకేశాడు.

"అమ్మగారూ, ఇవాళ ఎవరి ఏలుబడండీ?"

"ఇంకా రాయలేదయ్యా! అందాకా నువ్వే ఏలుకో!" అంది కిటికీలోంచి రాజ్యాల అక్క.

ఆ భవనంలో అందరూ ఆవిడని అలాగే పిలుస్తారు. వీడియో ఆటల కంపెనీవాళ్ళు కొత్త లోకం కట్టినప్పుడల్లా దానికో వింత ప్రభుత్వాన్ని అల్లి ఇవ్వడం ఆవిడ ఉద్యోగం. రాసిన కాగితం బల్లమీద ఉన్నన్నాళ్ళూ అందులోని చట్టాలు భవనమంతా అమల్లో ఉంటాయి. కొట్టేసినా పోవు, చింపినా పోవు. కంపెనీకి పంపితేనే తొలగుతాయి. చివరగా తుమ్మినవాళ్ళే న్యాయాధికారి అన్న వారం కొట్టాయన ముక్కుపొడుం అమ్మి బాగుపడ్డాడు. పొడుగువాళ్ళు పొట్టివాళ్ళ మాట వినాలన్నప్పుడు పై అంతస్తు మాస్టారు మోకాళ్ళు వంచుకుని తిరిగాడు. నీళ్ళ మోటారు చెడితే గొణుక్కున్నట్టే కాస్త గొణుక్కుని సర్దుకుపోయేవాళ్ళు అందరూ.

పక్క వాటాలో ఆవిడ చెల్లెలు ఉంటుంది. కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. ఆ వీధి ముసలాళ్ళలో సగంమంది నవ్వేది చెల్లెలి పళ్ళతోనే. ఆ చెల్లెలు అక్కతో మాట్లాడి ఏళ్ళయింది.

అప్పట్లో అక్క రాసిన ఒక రాజ్యంలో, ఇల్లు దాటి వెళ్ళాలంటే ఇరుగుపొరుగంతా సరేననాలి. ఆ రోజే చెల్లెలు ఓడరేవుకి వెళ్ళాలి. పెళ్ళాడతానన్న మనిషి అక్కడ రెండు టిక్కెట్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పై వాటా ముసలాయన ఊరికే, తమాషాకి, కాదన్నాడు. "అక్కా, ఆ కాగితం పంపించేయవే" అని పెట్టె చేత్తో పట్టుకునే బతిమాలింది చెల్లెలు. "ఉండవే, ఇంకొక్క నిబంధన" అంది అక్క. ఆ నిబంధన పూర్తయ్యేసరికి ఓడ వెళ్ళిపోయింది. ఓడతో పాటే మనిషీ.

గోడ అవతల పళ్ళు అరగదీసే చక్రం గుయ్యిమంటుంటే అక్క కలం ఆపి వినేది. చక్రం ఆగితే అన్నం తింటోందనుకునేది. మరీ ఆలస్యమైతే గాభరాపడేది. ఒకసారి ఉండబట్టలేక, పక్కపక్క వాటాలవాళ్ళు పొద్దున్నే పలకరించుకోవాలని రాసింది. చెల్లెలు తలుపు తీసి, "తెల్లారింది" అని, తలుపేసుకుంది. మర్నాడు కూడా తెల్లారింది. ఆపైన అక్కకే సిగ్గేసి కాగితం పంపేసింది.

ఇవాళ కంపెనీ పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఈసారి ఎగిరే దీవులండీ. రాజులొద్దు, ఎన్నికలొద్దు. ఆడేవాళ్ళకి మొహం మొత్తింది."

"అయితే చట్టం రాసినవాళ్ళకే చెల్లుతుంది, ఇంకెవరికీ చెల్లదు. ఎలా ఉంది?"

"మరి ఎవడు రాస్తాడండీ?"

"అదేగా ఆట!"

దాన్నే మొదటి నిబంధనగా రాసుకుంది. ఇంతలో బయట దడదడమని చప్పుడు. బియ్యం ఇవ్వడానికి పైకొచ్చిన కొట్టాయన గుమ్మంలో సంచీ దించాడు.

"చెల్లెమ్మగారు వాటా ఖాళీ చేస్తున్నారుగా! మీకు తెలీదా? ఊరవతలకట. బండి కూడా వచ్చేసింది."

అక్క ఇంకేం ఆలోచించలేదు. 'ఎవరూ ఈ మెట్లు దిగకూడదు' అని రెండో నిబంధన గీకిపారేసి బయటికి పరిగెత్తింది. కూలీలు బీరువా మోసుకుంటూ, ఈల వేసుకుంటూ దిగిపోతున్నారు. "ఆగండయ్యా!" అని వాళ్ళ వెనకే దిగబోయింది. పాదం మెట్టుకి ఆనలేదు. కొంగలా ఒంటికాలి మీద అలాగే ఉండిపోయింది.

పళ్ళ అచ్చుల డబ్బా పట్టుకుని బయటికొచ్చిన చెల్లెలు ఎగాదిగా చూసింది.

"మళ్ళీ ఏం రాశావ్?"

చట్టం బలవంతం లేకుండా చెల్లెలు తనతో మాట్లాడటం ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. అక్క జరిగింది చెప్పింది.

"అంటే నీకొక్కదానికేనా?"

"నాకొక్కదానికే."

చెల్లెలికి నవ్వాగలేదు. "ఎవరు తవ్విన గోతిలో వాళ్ళే పడటమంటే విన్నాను గానీ, ఇదిగో, ఇవాళ కళ్ళారా చూశాను."

"వెళ్ళకే."

"వెళ్తాను. నువ్వు కలం ఆపితే నాకు ఇవతలికి తెలుస్తుందే. ఆపి వింటున్నావని తెలుస్తుంది. ఇంక ఈ గోడ పక్కన ఉండటం నావల్ల కాదక్కా."

చెల్లెలు డబ్బా కింద పెట్టి అక్క వాటాలోకి వెళ్ళింది. బల్ల దగ్గర నిలబడి కాగితం చదివింది, ఏదో రాసింది. బయటికొచ్చి డబ్బా ఎత్తుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

బండి వీధి మలుపు తిరిగాక అక్క లోపలికి వెళ్ళి చూసింది. చెల్లెలి వంకర అక్షరాలు.

'వారానికోసారి ఈ మెట్లెక్కి రావాలి. కూర్చోవాలనీ, మాట్లాడాలనీ నియమం లేదు.'

సాయంత్రం కంపెనీ పెద్దాయన మళ్ళీ చేశాడు. "పంపేశారా అండీ? మావాళ్ళంతా ఎదురుచూస్తున్నారు."

"దాన్ని పంపనండీ. మీకు వేరే కాగితం మీద ఇంకో రాజ్యం రాసిస్తాను."

"అదేంటండీ, దానికేం తక్కువ?"

"తక్కువేం లేదు. అమల్లో ఉంది."

కాగితం పంపితే తను మెట్లు దిగొచ్చు. కానీ చెల్లెలు ఎక్కి రానక్కర్లేదు. అక్క దాన్ని సొరుగులో కూడా పెట్టలేదు. బల్ల మధ్యలో ఉంచి పైన బరువు పెట్టింది. ఆ తర్వాత ఆవిడ వీధి మొహం చూడలేదు. సరుకులకి కిటికీలోంచి బుట్ట దించేది.

"ఆ ఒక్క కాగితం వదిలించుకుంటే ఎంచక్కా కిందికి రావచ్చు కదండీ!" అనేవాడు కొట్టాయన.

"నీకెందుకు గానీ, పప్పు వెయ్యవయ్యా" అనేది.

మొదటి వారం చెల్లెలు వచ్చింది. చెప్పులతోనే గుమ్మం అవతల నిలబడి, రొప్పు తీర్చుకుని వెళ్ళిపోయింది.

రెండో వారం చెప్పులు విడిచింది.