గుర్రం మీద ఎవరు

తుంటి విరిగిన మా ఆయన ఎల్డన్ ఇక జన్మలో గుర్రం ఎక్కకూడదని డాక్టరు తేల్చి చెప్పాక, మా ఇంట్లో మాటలు కరువయ్యాయి. మొగుడుగారు వంటింటి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కంచె అవతల మేస్తున్న తన గుర్రం ప్లమ్‌ను చూస్తూ కూర్చునేవాడు. పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఎక్కేవాళ్లు లేని గుర్రాన్ని ఊరికే నిలబెట్టడం పాపమని, వసంతం రాగానే తోలుకుపొమ్మని పొరుగున ఉన్న హోబర్ట్‌కు తనే మాటిచ్చేశాడు. ఆ రోజు నుంచి కాఫీ కూడా చల్లార్చుకుని తాగుతున్నాడు, మొండి మనిషి.

గుర్రం పోతే ఈయన కూడా ఎక్కువ రోజులు మిగలడని నాకు భయం పట్టుకుంది. బొమ్మలోనైనా ఇద్దరినీ కలిపి ఉంచుదామని, ఊళ్లో లైబ్రరీలో టిల్డా అనే పిల్ల నేర్పే బొమ్మల క్లాసులో చేరాను.

మా ఇంటి నుంచి కనబడే విండ్ రివర్ కొండలు సులువుగానే వచ్చాయి. దూరం పోయేకొద్దీ కాస్త నీలం కలపమంది, కలిపాను. గుర్రమే నన్ను ఏడిపించింది. కాళ్లు నేలకు ఆనేవి కావు, మెడ ఎక్కడో మొలిచేది. మొదటి బొమ్మ చూసి ఎల్డన్, ఇది ఏ జాతి మేక అని అడిగాడు. ఎన్నో వారాల తర్వాత నోరు విప్పాడు కదా, తిట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు.

దూరంగా ఉన్న మనిషికి కళ్లూ ముక్కూ గీయొద్దని టిల్డా చెప్పింది. వీపు ఎటు వంగింది, మడమ ఎక్కడ వేలాడుతోంది, అది చాలంది. ఆ మాట పశువులు తోలుకుని బతికే మాకు కొత్తా? ఆవలి గట్టు మీద ఎవరు వెళ్తున్నా, ముఖం కనబడకుండానే కూర్చున్న తీరు చూసి పేరు చెప్పేస్తాం.

కాసేపు ఎదురుగా కూర్చోమంటే ఎల్డన్ ససేమిరా అన్నాడు. కుర్చీ మీద కూర్చుని కౌబాయి వేషం కట్టనన్నాడు. సరేలెమ్మని ఆ కుర్చీనే వెనక్కి తిప్పి, అద్దం ముందు అటో కాలు ఇటో కాలు వేసి నేనే కూర్చున్నాను. మోకాలు ఎక్కడుంటుందో చూసుకుంటూ గీశాను.

హోబర్ట్ మర్నాడు వస్తాడనగా బొమ్మ పూర్తయింది. కిటికీలో పెట్టాను. ఎల్డన్ కుర్చీ ముందుకు జరుపుకుని చూశాడు.

"ప్లమ్ బాగా కుదిరింది," అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. "పైనున్నది మాత్రం నేను కాదు."

నాకు ఒళ్లు మండింది. చలికాలమంతా కంచె దగ్గర నిలబడి చేతులు గడ్డకట్టించుకుని గీస్తే ఇదా మాట? ముఖమే లేని మనిషి నువ్వు కాదని ఎలా తెలిసిందయ్యా అని మీద పడ్డాను.

"ఎడం భుజం కిందికి జార్చి, మడమలు బయటికి పెట్టి కూచునేది ఎవరే? ఆ వీపు వెనకాల ఎన్ని వేసవులు పశువుల్ని తోలాను, నాకు తెలీదా? అది నువ్వు, లోరీన్."

చూశాను. నిజమే. మా అమ్మాయి పుట్టాక గుర్రం దిగి ట్రక్కు ఎక్కినదాన్ని, మళ్లీ జీను ముట్టుకోలేదు. ఆయన్ను గీస్తున్నానని ఇన్నాళ్లూ నన్నే గీసుకున్నాను.

నేనింకా బొమ్మనే చూస్తుంటే ఆయన ఫోను అందుకుని హోబర్ట్‌ను రేపు రావద్దన్నాడు. ప్లమ్‌ను ఎక్కే మనిషి దొరికిందన్నాడు.

"నన్నొక్క మాట అడిగావా?" అన్నాను.

"అడిగితే కాదంటావు. జీను కట్టేటప్పుడు నన్ను పిలువు. అది పొట్ట ఉబ్బించి మోసం చేస్తుంది, తర్వాత పట్టీ వదులై జీను జారుతుంది."

పొద్దున్నే కర్ర పట్టుకుని కంచె దాకా వచ్చాడు. ఆసుపత్రి నుంచి తెచ్చాక గడప దాటడం అదే మొదలు. ప్లమ్ మీద నేను జూలు పట్టుకుని కంచె లోపల చుట్లు తిరుగుతుంటే, భుజం పైకెత్తమని తిడుతూనే ఉన్నాడు. నేను ఎత్తలేదు.