లైట్ పోయినప్పుడు

భివండీలో లైట్ అనే మాటకు వెలగడం, ఆరడం తెలియవు. అది పోతుంది, వస్తుంది, అంతే. సొంత ఊళ్లో కరెంటు అన్నదాన్నే ఇక్కడ లైట్ అంటారు. లైట్ బిల్లు, లైట్ మీటరు, తీగలు సరిచేసేవాడు లైట్‌వాలా. కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన కొత్తలో అంకుశం కరెంటు అనే అనేవాడు. తర్వాత తెలియకుండానే మానుకున్నాడు. మాటలు కూడా మనుషుల్లాగే, చేరిన చోట కొత్త తోడు వెతుక్కుంటాయని అతనికి అనిపించేది.

అతని విషయంలో ఆ మాటకు ఇంకొక తోడు కలిసింది. లైట్ పోతే చెవులూ పోతాయి.

కామత్‌ఘర్‌లోని దేవయ్య సేటు కార్ఖానాలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, నడుస్తున్నంతసేపు ఎవరి గొంతూ ఎవరికీ వినబడదు. పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఏళ్ల తరబడి ఆ మోతలో అంకుశం చెవులు మొద్దుబారిన సంగతి అందుకే బయటపడలేదు. మోతలో అతనూ అందరిలాంటివాడే. లైట్ పోయి సాంచాలు ఆగితే మిగతావాళ్లకు మాటలు తిరిగి వస్తాయి, అతనికి రావు. అప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. అక్కడి వెలుతురులో ఎదుటివాళ్ల ముఖాలు తెలుస్తాయి.

“ఏందన్నా, లైట్ పోంగనే దర్వాజకాడికి ఉరుకుతవ్? వదిన బువ్వ తెస్తదనా?” అనేవాడు పక్క సాంచాల నర్సింగం.

“గాలికిరా,” అనేవాడు అంకుశం.

నార్పోలిలో దేవయ్య కొత్త కార్ఖానా పెట్టాడు. దానికి ముకాదం కావాలి, నలుగురి పని చూసి నడిపేవాడు. అది తనకే రావాలని అంకుశం కోరుకున్నాడు. మోకాళ్లు ఇక రాత్రి షిఫ్టుకు ఒప్పుకోవడం లేదు.

ఆ మధ్యాహ్నం లైట్ పోయింది. అంకుశం గుమ్మంలో నిలబడి దారివైపు చూస్తున్నాడు. భుజం మీద చెయ్యి పడితే తిరిగాడు. నర్సింగం. అతని వెనక దేవయ్య, ముఖం ఎర్రబడి ఉంది.

“ఇష్టం లేకుంటే లేదను. ఉలుకు పలుకు లేకుంట నిలవడుడేంది?” అంటున్న పెదవులు కనబడ్డాయి.

నర్సింగం గొంతు లేకుండా, సాంచాల మధ్య మాట్లాడినట్టే పెదవులు కదిపాడు. “నార్పోలి. ముకాదం. పోతవా అని అడుగుతుండు.”

నర్సింగానికి తన సంగతి ఎప్పటినుంచో తెలుసని అంకుశానికి అప్పుడు తెలిసింది.

‘పోత సేటు’ అంటే సరిపోయేది. కానీ ఇకపై లైట్ పోయిన ప్రతిసారీ ఒక చెయ్యి తన భుజం మీద పడాలి. తాను దాచుకున్నదాన్ని ఇంకొకడు మోయాలి. అట్లా దక్కిన పని తనదవుతుందా?

“సేటూ, లైట్ పోతే నాకు ఇనవడది,” అన్నాడు. “సాంచాలు నడిస్తే అందరి లెక్కనే.”

దేవయ్య నవ్వాడు. “లైట్ పోతే కండ్లు కనవడయంటరు గని, చెవులు ఇనవడకపోవుడేందిరా?”

ఎవరూ నవ్వలేదు. అతని నవ్వు కూడా ఆగింది. ఒకప్పుడు అతనూ సాంచాల మీద నిలబడ్డవాడే. వెలుతురులోకి జరిగి, ఉత్త పెదవులతో అడిగాడు. “ఆడ ఫోను ఉంటది. నూలు బ్యాపారులు చేస్తరు. ఎవరెత్తాలె?”

“నర్సింగం ఎత్తుతడు. సాంచాలు నేను సూస్త.”

“నన్నడగకుంటనే ఫోను నా మెడకు కట్టినవేందన్నా!” అన్నాడు నర్సింగం.

దేవయ్య లోపలికి నడిచాడు. లైట్ వచ్చింది; మోటార్లు కదలగానే కాళ్ల కింద నేల అదిరింది. అంకుశం తన సాంచాల దగ్గరికి వెళ్లాడు. కాసేపటికి తలెత్తితే, కార్ఖానా అవతలి చివర నుంచి దేవయ్య పెదవులు కదిలాయి.

“పొద్దుగాల నార్పోలి రాండ్రి. ఇద్దరు.”

నర్సింగం తెగిన పోగు ముడివేస్తూ అటు చూడలేదు. అంకుశం అతని భుజం తట్టి, ఆ మాట అందించాడు.