ఆరో పాట దగ్గర మిక్సీ

బస్సు డిపో గేటు దాటకముందే దానికేం రోగమో చెప్పేవాణ్ణి. బేరింగా, బెల్టా, గేర్‌బాక్సా, చప్పుడును బట్టి పట్టేసేవాణ్ణి. ముప్పై నాలుగేళ్ల మెకానిక్ సర్వీసులో నా చెవి తప్పింది రెండుసార్లో మూడుసార్లో. ఆ గర్వం నాకు రిటైరయ్యాక కూడా పోలేదు, దాచుకోను.

అందుకే మొన్న ఆదివారం మా బిడ్డ స్వీటీ, "డాడీ, నువ్వు గూడ నీ అభిప్రాయం రాయి, లోకమంత సదువుతది" అనగానే పొంగిపోయాను. రాయాల్సింది ఓడ క్యాసెట్ గురించి.

దాని అసలు పేరు మాకెవరికీ తెలియదు. ఎనభై తొమ్మిదిలో మా డిపోలోనే పనిచేసే ఇస్సాకు, ఎవరి దగ్గరో ఉన్న ఇంగ్లీషు రికార్డు నుంచి ఎక్కించి తెచ్చాడు. డబ్బా మీద పెన్సిల్‌తో 'మస్తుంది' అని మాత్రం రాసి ఉంది. పది పాటలు. ఒకదానికొకటి అతుక్కొని ఒకే కథలా నడుస్తాయి. గిటార్లు, డ్రమ్ములు, మధ్యమధ్య ఏవేవో చప్పుళ్లు. మాటలు పదికి రెండు అర్థమయ్యేవి, మిగతా ఎనిమిదీ మేమే పూరించుకున్నాం. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇస్సాకు, బాలరాజ్, నేను పురానాపూల్‌లోని మా ఇంటి ముందుగదిలో కూర్చొని విని విని, చివరికి ఇది ఓడ కథ అని తేల్చాం. మూడో పాటలో నీళ్ల చప్పుడుంది, అది తుఫాను. ఐదో పాటలో సుత్తి దెబ్బలు, ఓడను బాగుచేస్తున్నారు. ఆరో పాట మొదట్లో కిర్రు, కిర్రు అని వస్తుంది, అది గాలికి కదిలే తెరచాప తాడు. తాడని చెప్పింది నేనే. నా చెవి మీద ఎవరికీ అనుమానం లేదు.

ఇస్సాకు పోయి మూడేళ్లయింది. బాలరాజ్ ఉన్నాడుగానీ, ఇంజన్ల పక్కన అన్నేళ్లు నిలబడ్డందుకు చెవులు పూర్తిగా పోయాయి. అప్పుడప్పుడు వస్తాడు, కూర్చుంటాడు, నా మొహం చూసి పాట ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకుంటాడు. ఆ పాటల గురించి నాతో మాట్లాడే మనిషి లేడిప్పుడు. బాగున్న చోట అలవాటుగా పక్కకు తిరిగి చూస్తాను, కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఒంటరిగా వినడం ఇంత కష్టమని వాళ్లుండగా నాకు తెలియలేదు.

రెండు నెలల కింద క్యాసెట్ కూడా తెగింది. నా బాధ చూడలేక స్వీటీ, చాంద్రాయణగుట్టలోని అత్తారింటి నుంచి ఆదివారం వచ్చినప్పుడు, నా చేత రాగం తీయించి ఫోన్‌కు వినిపించి ఆ పాటలను పట్టుకుంది. చిన్న స్పీకర్ తెచ్చిపెట్టింది. పాటలతో పాటే, వాటిని విన్నవాళ్లు తమ అభిప్రాయాలు రాసే పేజీ కూడా దొరికింది. అందులో నాలుగు వందల పైచిలుకు మంది రాశారు. నాకు ఒక్కడు కరువైతే అక్కడ నాలుగు వందల మంది ఉన్నారు.

ముందు నాదే చెప్పాను, స్వీటీ ఇంగ్లీషులో కొట్టింది. ప్రేమ్‌రాజ్, రిటైర్డ్ మెకానిక్, హైదరాబాద్, ముప్పై ఐదేళ్లుగా వింటున్నాను అంటూ గొప్పగానే మొదలుపెట్టాను. చివర్లో ఒక ఫిర్యాదు కలిపాను.

"గిది గూడ రాయి బిడ్డా. అన్ని పాటలు ఇంటగాని, ఆరోది ఇంట్ల ఒక్కనాడు సక్కగ ఇనలే. అది షురూ కాంగనె మా ఆమె వంటింట్ల మిక్సీ పెడ్తది. పాటలంటె ఆమెకు పగ అని రాయి."

స్వీటీ నవ్వుతూ రాసింది. అందులో అబద్ధమేం లేదు. మిక్సీ లేని రోజుల్లో కాశమ్మ రోట్లో దంచేది. మిక్సీ వచ్చాక అల్లం, ఎల్లిగడ్డ, పల్లీలు, ఏదో ఒకటి. అదీ సరిగ్గా ఆరో పాటకే. ఒకసారి ఇస్సాకు, బాలరాజ్ ముందే నాకు ఒళ్లు మండి, వెళ్లి జార్ పీకి గల్లీలోకి విసిరేశాను. స్టీలు జార్, పగల్లేదు, సొట్టపడింది. కాశమ్మ గల్లీలోకి వెళ్లి తెచ్చుకొని కడుక్కుంది. మరుసటి ఆదివారం ఆరో పాటకు మళ్లీ మిక్సీ. మొండిది అనుకున్నాను. ఆ జార్‌కు మూత సరిగ్గా పట్టదు, అప్పట్నుంచి చేత్తో అదిమిపట్టే తిప్పుతుంది.

"పెట్టేముందర వేరేటోళ్లు ఏం రాసిన్రో సదువు" అన్నాను.

స్వీటీ ఒక్కొక్కటే తెలుగు చేసి వినిపించింది. ఒకాయన రెండో పాటలో గిటార్‌ను అనవసరంగా సాగదీశారన్నాడు. ఇంకొకడు ఐదుకు రెండు చుక్కలే ఇచ్చాడు. వాణ్ణి వారం రోజులు మా డిపోకు పంపితే స్పానర్లు తుడిపించి బుద్ధి చెప్పేవాణ్ణి. ఎక్కడో మంచుదేశంలో లారీ నడిపే ఒకతను, ఈ పాటలు పెట్టుకుంటే పక్క సీట్లో మనిషి ఉన్నట్టుంటుందని రాశాడు. అతణ్ణి పిలిచి చాయ్ తాగించాలనిపించింది. అయితే ఒక్కరూ ఓడ మాటెత్తడం లేదు.

"ఓడ గురించి ఎవ్వరు రాయలేదా?"

"ఓడ ఏంది డాడీ? ఇది ఇంటి కథ" అని స్వీటీ ఫోన్ తిప్పి ఆ రికార్డు అట్ట మీది బొమ్మ చూపించింది.

నిజంగానే ఇల్లు. ఒక్కో పాట ఆ ఇంట్లో ఒక్కో గదట. మూడోది కురుస్తున్న పైకప్పు, ఐదోది మేకులు కొట్టుకుంటున్న వసారా. నాకు నవ్వొచ్చింది. ఇస్సాకు ఉంటే పొట్ట పట్టుకొని నవ్వేవాడు.

"మరి ఆరో పాటల తాడు?" అన్నాను.

స్వీటీ వెతికి ఒక అభిప్రాయం దగ్గర ఆగింది. "ఆరో పాట మొదట్ల కిర్రుమనేది వాయించింది కాదంట డాడీ. పసిపిల్లల తొట్టెలంట. పాడినాయన బిడ్డ చచ్చిపోయినంక, ఖాళీ తొట్టెలను ఆయనే ఊపి రికార్డు చేసిండంట. పాట అయిపోయేదాంక ఎనక అదే ఊగుతుంటదంట..." అంటూ గొంతు తగ్గించి, వంటింటి వైపు చూసింది.

నేను పైకి చూశాను. ముందుగది దూలానికి ఇనుప కొక్కెం ఇప్పటికీ ఉంది. ఎనభై ఎనిమిదిలో ఆ కొక్కేనికి కాశమ్మ పుట్టింటివాళ్లు తెచ్చిన చెక్క తొట్టెల వేలాడింది. మా మొదటి కొడుకు అందులో నలభై ఒక్క రోజులున్నాడు. వాడు పోయాక తొట్టెలను కాశమ్మ వాళ్లమ్మ తీసుకెళ్లిపోయింది. తర్వాత స్వీటీకి చీర ఉయ్యాలే కట్టింది కాశమ్మ, చెక్కది వద్దే వద్దంది. వాడున్నన్నాళ్లూ నేను డబుల్ డ్యూటీలు చేస్తూ ఇంటికి నిద్రకే వచ్చేవాణ్ణి. వాడు పోయిన ఏడాదికి క్యాసెట్ తెచ్చి, అదే కొక్కెం కింద టేప్‌రికార్డర్ పెట్టి, తెరచాప తాడు అని ఊళ్లోవాళ్లకు చెప్పాను. నా చెవిని చూసుకొని అంత మురిసినందుకు నాకు సిగ్గేసింది.

"పోస్ట్ చెయ్యాల్నా డాడీ?"

"వద్దు. మిక్సీ మాట తీసెయ్."

తీసేసింది. తీసేశాక చదివిస్తే మిగిలినవన్నీ నా గొప్పలే. అవి కూడా వద్దన్నాను. స్వీటీ అమ్మ దగ్గర కాసేపు కూర్చొని, నాలుగింటికి బస్సెక్కింది.

కాశమ్మ గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెచ్చిన చిక్కుడుకాయలు ముందేసుకొని వంటింట్లో కూర్చుంది. నేను గడప దగ్గర కూర్చున్నాను. అలా నేను ఆమె దగ్గర కూర్చొని ఎన్నాళ్లయిందో గుర్తులేదు.

"కాశమ్మా, ఆరో పాట ఏందో నీకు ఎర్కేనా?"

"ఎర్కే" అంది, చిక్కుడుకాయ ఈనె తీస్తూనే.

"ఎట్ల? నీకు ఇంగ్లీషు రాదు గద."

"తొట్టెల సప్పుడుకు ఇంగ్లీషెందుకు? ఊపిన చేతులు నాయి."

"మరి గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

ఇంకో రెండు కాయలు తీసింది. "వాడు పోయినంక ఏడాది దినాలు నువ్వు నవ్వలే. పనికి పోవుడు, వచ్చుడు, గోడ దిక్కు తిరిగి పండుడు. ఆ క్యాసెట్ వచ్చినంక ఇస్సాకన్నతోని ఓడ ముచ్చట జెప్పుకుంట నవ్వినవ్. ఓడనే ఉండనీ అనుకున్న."

"జార్ ఇసిరేసిన నాడన్న చెప్పాల్సింది."

"ఆ నాడు చెప్తె ఆళ్లిద్దరి ముంగట ఏడుస్తుంటివి."

ఇస్సాకు లేడు, బాలరాజ్‌కు వినపడదు, నేను ఒంటరివాణ్ణయిపోయానని మూడేళ్లుగా ఈమె ముందే సణుగుతున్నాను. మేం ముగ్గురం ముందుగదిలో తొడలు చరుచుకుంటూ వింటున్న ఆ ముప్పై ఏళ్లూ, గోడకు ఇవతల ఈమె ఒక్కతే నిలబడి ఉంది. ఏడుపొచ్చింది. గడప మీదే కూర్చొని ఏడ్చాను. ఆమె చూసింది, కళ్లు తుడుచుకోమని తన కొంగు ఇచ్చింది, మళ్లీ చిక్కుడుకాయలు పట్టుకుంది.

"పో, పెట్టుకో నీ పాటలు. ఆదివారం గద" అంది.

పెట్టాను. కుర్చీలో కూర్చున్నానుగానీ ఏ పాటా చెవికెక్కలేదు. ఐదో పాటలో సుత్తి దెబ్బలు అయిపోవస్తుంటే వంటింట్లో ఆమె లేచిన అలికిడి అయింది. నేను ఆమెకంటే ముందు వెళ్లి, సొట్ట జార్ మిక్సీ మీద పెట్టి స్విచ్ వేశాను. మూత ఎగిరిపడబోయింది, అరచేత్తో అదిమాను.

"ఏమేసినవ్ అండ్ల?"

"ఏం లేదు."

"ఖాళీ జార్ తిప్పితె మోటర్ కాల్తది."

"కాలనీ."

మూత నా చేతికింద దడదడలాడుతోంది. ఒక చెయ్యి చాలడం లేదు. కాశమ్మ తన చెయ్యి నా చేతి మీద వేసి నొక్కింది. జార్ సొట్టపడ్డప్పట్నుంచి ఎలా నొక్కిందో అలాగే. ఆ మోతలో ముందుగది నుంచి ఒక్క చప్పుడు వినపడలేదు. మోటారు వేడెక్కిన వాసన వస్తోంది. ఎప్పుడు ఆపాలో నాకు తెలియదు, ఆ పాట ఎంతసేపు ఉంటుందో నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు.

ఆమె ముందుగది వైపు చూడలేదు, గడియారం వైపూ చూడలేదు. ఉన్నట్టుండి రెండో చెయ్యి చాపి స్విచ్ ఆపింది.

ముందుగదిలో ఏడో పాట అప్పుడే మొదలవుతోంది.