నలభై అయిదు కార్బన్

రాజనర్సయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని బోరబండ మొత్తానికి తెలుసు. కానీ ఆ రోజు పొద్దున ఆయన మంచి మూడ్‌లోనే బయలుదేరాడు. తన షెడ్డులో చేసే బోల్టులకు జర్మనీ నుంచి వచ్చే ఆర్డరు పోయిన నెల ఒక్కసారిగా రెండింతలైంది. ఆ సంతోషంలో కూతురు సంగీతను వెంటబెట్టుకుని, జర్మనీకి పంపే లెక్కల కాగితాలు చూసే పంజాగుట్ట కన్సల్టెంటు కుర్రాడు అనుదీప్‌కు మిఠాయిలు ఇద్దామని అమీర్‌పేటలో ఆటో దిగాడు.

మిఠాయి కొట్టు లోపలికి వెళ్లబోతూ ఊరికే తలెత్తి చూశాడు. ఎదురుగా ఉన్న కోచింగ్ సెంటర్ల భవనానికి అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ. జావా, పైథాన్, డేటా సైన్స్ ఫ్లెక్సీల నడుమ అదొక్కటే పచ్చగా ఉంది. 'కార్బన్ ఎక్స్‌పర్ట్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ' అని అనుదీప్ పేరుతో రాసి, కింద రాజనర్సయ్య ఫోటో వేశారు. పోయిన దసరాకు షెడ్డులో ఆయుధపూజ చేసినప్పుడు దిగిన ఫోటో అది. పక్కనే బొద్దుగా అక్షరాలు: 'మా క్లయింట్. కార్బన్ 0.45 మాత్రమే! ఇండియాలోనే తక్కువ!'

"నన్నడగకుండ నా ఫోటో పెట్టుడేంది? వీని తాత జాగీరా?" అన్నాడు రాజనర్సయ్య. అన్నాడే గానీ, మీసం మాత్రం ఒకసారి దువ్వుకున్నాడు.

సంగీత ఫోటోను చూడడం లేదు, అంకెను చూస్తోంది. షెడ్డు ఆఫీసు పని, మెయిళ్లు అన్నీ ఆమెవే. కాన్పుకని నాలుగు నెలలు ఇంట్లో ఉండి, మళ్లీ పనిలోకి వచ్చి వారమైంది.

"బాపూ, గీ లెక్క ఎవలిచ్చిండ్రు?"

"నేనే ఇచ్చిన. నువ్వు లేనప్పుడు అనుదీప్ ఫోన్ చేసిండు. 'అంకుల్, మీ బోల్టుల కార్బన్ ఎంత' అన్నడు. జీరో పాయింట్ నలభై అయిదు, ఎవడొచ్చి టెస్ట్ చేసినా గంతే అని చెప్పిన. తప్పా?"

సంగీత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందని ఆయన అనుకున్నాడు. నవ్వు కాదు.

"బాపూ, నువ్వు చెప్పింది రాడ్డుల కలిసిన కార్బన్. వాళ్లు అడిగింది పొగ."

ఇనుముతో బతికేవాడికి కార్బన్ అంటే ఒక్కటే అర్థం. ఇనుములో ఎంత కార్బన్ కలిస్తే అంత గట్టిదనం. బోల్టుకు నలభై అయిదు రాడ్డు కావాలంటే, నూటికి సున్నా పాయింట్ నలభై అయిదు పాళ్లు కార్బన్ ఉన్న రాడ్డు అని. రాడ్డు అమ్మే కొట్టువాడూ అదే అంటాడు, సుత్తి పట్టినవాడూ అదే అంటాడు. ముప్పై ఏళ్లుగా రాజనర్సయ్య చెవిన పడ్డ కార్బన్ అదే. ఐరోపా వాళ్లు అడిగే కార్బన్ వేరు. టన్ను బోల్టులు తయారవడానికి గనిలోంచి షెడ్డు దాకా ఎన్ని టన్నుల పొగ గాలిలో కలిసిందన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క మీద సరిహద్దులో పన్ను. పొగ ఎక్కువైతే పన్ను ఎక్కువ, తక్కువైతే తక్కువ.

ఆ పొగ పన్ను సంగతి మొదట విన్నప్పుడు రాజనర్సయ్య శివాలెత్తాడు. వందేళ్లు బొగ్గు కాల్చి బాగుపడ్డోడు ఇప్పుడొచ్చి మన బట్టీ దగ్గర ముక్కు మూసుకుంటాడా అని తిట్టిపోశాడు. చల్లబరిచింది పక్క షెడ్డు మెహబూబ్. "నర్సన్నా, తిట్టుడు తర్వాత తిడుదాం. మన పొగ తాగేది సుత మనమే గద, మన పోరగాళ్లే గద" అని, ఆయిల్ బట్టీ పీకేసి కరెంటుతో రాడ్డు కాల్చే హీటర్ ముందుగా పెట్టింది అతనే. అతన్ని చూసి రాజనర్సయ్యా పెట్టాడు. శుభ్రంగా పనిచేసేవాడికి నాలుగు ఆర్డర్లు ఎక్కువొస్తాయని ఒక చట్టం చెప్పడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. మొండివాడే గానీ, ఆ మాటను చిన్నపిల్లాడిలా నమ్మాడు.

మిఠాయిలు కొనలేదు. ఇద్దరూ ఆటో ఎక్కి పంజాగుట్ట చేరారు.

అనుదీప్ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. నిరుడు దాకా అతను అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెప్పేవాడు, గిరాకీ తగ్గాక కార్బన్‌లోకి దిగాడు. రాజనర్సయ్యను చూడగానే లేచి నిలబడ్డాడు. "అంకుల్! ఫ్లెక్సీ చూసిండ్రా? మస్తు రెస్పాన్స్ ఉంది!"

"కూసో," అన్నాడు రాజనర్సయ్య. "నా షెడ్డుకు ఎన్నిసార్లొచ్చినవ్‌రా నువ్వు?"

"రావాల్సిన పని పడలే అంకుల్. మనదంతా ఆన్‌లైన్ కదా."

"కరెంటు బిల్లు అడిగినవా? రాడ్డు ఏ ఫ్యాక్టరీది, వాళ్లు బొగ్గు ఎంత కాలుస్తుండ్రు, ఏమన్న అడిగినవా?"

సంగీత మధ్యలో అందుకుని తండ్రి చెప్పిన 0.45 ఏమిటో విడమర్చి చెప్పింది. అనుదీప్ ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. మళ్లీ తేరుకున్నాడు. అమీర్‌పేట కుర్రాళ్లు లేని ఎక్స్‌పీరియన్స్‌ను రెజ్యూమెల్లో ఉన్నట్టు చూపించడం చూస్తూ పెరిగినవాడికి తేరుకోవడం ఎంతసేపు!

"అక్కా, జర మెల్లగ. అయింది అయిపోయింది. వాళ్లు యాక్సెప్ట్ చేసిండ్రు, ఆర్డర్ డబుల్ ఇచ్చిండ్రు. చెక్ చేసేటోడొస్తే నేను మాట్లాడుకుంట. మీకెందుకు ఫికర్?"

"డబుల్ ఎట్లయింది?" అన్నాడు రాజనర్సయ్య. ఆ ప్రశ్న ఇంతవరకూ తనకు ఎందుకు తట్టలేదో ఆయనకే తెలియలేదు. లక్ష్మి తలుపు తడితే ఎవరింట్లోంచి వచ్చావని ఎవడడుగుతాడు?

"సింపుల్ అంకుల్. జర్మనీ మేడం బోల్టులు ఇక్కడ రెండు షెడ్లల్ల కొంటది. ఒకటి మీది, ఇంకోటి మీ పక్క షెడ్డు మెహబూబ్‌ది. ఆయన టన్నుకు రెండు పాయింట్ మూడు అని ఇచ్చిండు. మీది పాయింట్ నలభై అయిదు. ఆయనది కట్ చేసి మీకిచ్చింది. కాంపిటీషన్ అంటే గంతే కదా!"

ఆ రెండు పాయింట్ మూడు కోసం మెహబూబ్ ఎంత తిరిగాడో రాజనర్సయ్యకు తెలుసు. చిన్న షెడ్డువాడికి పొగ లెక్క ఇవ్వడానికి రాడ్డు ఫ్యాక్టరీ ఒప్పుకోదు. నెలల తరబడి గేటు ముందు నిలబడి, బతిమాలి, తిట్లు తిని ఆ కాగితం తెచ్చుకున్నాడు. పెద్ద ఫ్యాక్టరీని గట్టిగా అడగలేని చట్టం చిన్నవాణ్ని నిలదీసింది. నిజం చెప్పినవాడి కడుపు కొట్టి, తెలియక చెప్పినవాడి మెడలో దండ వేసింది. ఆ దండ పడ్డ మెడ తనదే. ఆర్డరు పోయాక కూడా మెహబూబ్ షెడ్డు గోడ మీదుగా చెయ్యి ఊపి "ముబారక్ అన్నా" అన్నాడు.

రాజనర్సయ్య టేబుల్‌ను ఒక్క చరుపు చరిచాడు. టీ కప్పు ఒలికి అనుదీప్ ల్యాప్‌టాప్ కిందికి పాకింది. "థూ! నీ చదువు పాడుగాను! పొగ అంటే ఏందో తెల్వదు, ఇనుమంటే ఏందో తెల్వదు, రెండిటికీ మాస్టరువా నువ్వు? నాకు తెల్వక నేను చెప్పిన, అది నా తప్పు. తెలిసినంక దాస్తే లంగతనం. బిడ్డా, ఆమెకు ఫోన్ కలుపు. ఈడ్నే. వీడు వినాలె."

"అంకుల్, వద్దు! ఉన్న ఆర్డర్ సుత పోతది!"

"పోనీ."

సంగీత ఫోన్ కలిపింది. చెప్పాల్సింది ఆయన తెలుగులో చెప్పాడు, ఆమె ఇంగ్లీషులో చెప్పింది. అవతల జర్మనీ కంపెనీ ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. నిజం చెప్పినందుకు కృతజ్ఞతలంది. తప్పుడు లెక్క ఇచ్చిన షెడ్డు దగ్గర ఇక కొనడానికి తమ కంపెనీ రూల్స్ ఒప్పుకోవంది. మెహబూబ్‌కు ఈరోజే మెయిల్ పెడతానంది. కొత్త ఆర్డరుకు కొత్త లెక్క కావాలని, అతను అది పంపగానే అతని ఆర్డరు అతనికి తిరిగి ఇస్తానంది.

రాజనర్సయ్య మెట్లు దిగాడు. ఇరవై మంది పనివాళ్లకు రేపు ఏం చెప్పాలో తెలియదు. అయినా, మెహబూబ్‌కు అతనిది అతనికి దక్కుతుందన్న ఒక్క మాట పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ చేస్తే మెహబూబ్ ఎర్రమంజిల్‌లో ఏదో ఆఫీసులో ఉన్నానన్నాడు. పంజాగుట్ట చౌరస్తా దగ్గరి ఇరానీ హోటల్‌కు రమ్మన్నారు.

మెహబూబ్ వచ్చీ రాగానే సంగీతను చూసి "బిడ్డెట్లున్నదమ్మా?" అని అడిగి, కుర్చీ లాక్కున్నాడు. "నర్సన్నా, నేనే నీ దగ్గరికి రావాలనుకున్న. ఏం చేసి పాయింట్ నలభై అయిదుకు తెచ్చినవో జర నాకు సుత చెప్పన్నా. సిగ్గు లేకుండ అడుగుతున్న. అదే చేస్త."

రాజనర్సయ్య చాయ్ కప్పు అతని చేతికిచ్చాడు. "ఏం చెయ్యలె మెహబూబ్. రాడ్డుల కార్బన్ అడిగిండనుకొని చెప్పిన."

ఇంకెవరికైనా అయితే విడమర్చి చెప్పాల్సి వచ్చేది. మెహబూబ్‌కు అక్కర్లేదు. కప్పు కింద పెట్టాడు.

"నలభై అయిదు రాడ్డా? నేను వాడేది సుత అదే గద అన్నా."

"ఆమెతోటి ఇప్పుడే మాట్లాడిన. ఉన్నదున్నట్టు చెప్పిన. నీ ఆర్డర్ నీకు తిరిగిస్తనన్నది. కొత్త లెక్క పంపుమన్నది."

"ఏం లెక్క పంపాలె?" అన్నాడు మెహబూబ్. "హీటర్ నిన్న రాత్రి అమ్మేసిన. స్క్రాపోడు కొన్నడు, రాగి కోసం. నా ముంగటనే విప్పేసిండు. ఇయ్యాల పొద్దుగాల మళ్ల ఆయిల్ బట్టీ ముట్టించిన. లోకల్ గిరాకే చేస్తున్న, ఈడ పొగ సంగతి ఎవడడుగుతడు? ఇయ్యాల వచ్చింది సుత కరెంటు లోడ్ తగ్గియ్యుమని రాసిచ్చేతందుకే."

రాజనర్సయ్య బల్ల మీదికి వంగి అతని చెయ్యి పట్టుకున్నాడు. "నా హీటర్ ఉన్నది గద! తప్పు లెక్కిచ్చిన షెడ్డుల కొనరంట, నాకిగ ఆర్డర్ లేదు. నీ రాడ్లన్నీ నా షెడ్డుల కాల్చు. కిరాయి వద్దు, ఏం వద్దు."

మెహబూబ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతనికి కోపం రావడం రాజనర్సయ్య ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడలేదు.

"ఆ హీటర్ ఏ షెడ్డులున్నదని ఆమె అడుగుతది," అన్నాడు. "నీ పేరు చెప్తే, నా లెక్క సుత ఎవలు నమ్ముతరన్నా?"